ఒక్క వేలికి కట్టిన దారం

మొన్న వనపర్తిల డాక్టరమ్మ నా గజ్జల లేచిన బిళ్ళను ఒత్తి చూసింది. చేతులు కడుక్కొని, కండ్లద్దాలు పైకి తోసుకొని, "అవ్వా, ఏదీ, జర కాలు చూపియ్యి" అన్నది.

నేను కాళ్లు ఎనక్కు గుంజుకున్న.

"బిళ్ళ ఆడుంటె కాలెందుకు మేడం?" అని నా మనవరాలు అడిగింది. కాలికి పుండుంటె గజ్జల బిళ్ళ కడ్తదని డాక్టరమ్మ దానికి ఓపికగ చెప్పబట్టింది. గా సంగతి నాకు డాక్టరమ్మ పుట్టకముందే తెలుసు. నాకు చెప్పినామె ఏ బడిల చదవలే. "కాలు సూపియ్" అన్న ఆ ముసల్దాని గొంతు గా దవాఖాన గదిల నా చెవి పక్కనే వినబడ్డట్టయింది. ఎనక్కు తిరిగి చూసిన గూడ. గోడకు క్యాలెండర్ తప్ప ఏం లేదు.

డాక్టరమ్మ నా మడిమలు, అరికాళ్లు, వేళ్ల సందులు అన్ని చూసింది. ఏం దొరకలే. "పుండు లేదు, ముల్లు లేదు. హైదరాబాదుల ఇంకొకరికి గూడ చూపిస్తె మంచిది" అన్నది. అప్పటిసంది మనవరాలు ఒకటే పోరు, పోదాం అమ్మమ్మా, పోదాం అమ్మమ్మా అని. దాని పరేషాన్ నా బిళ్ళ గురించి. నా పరేషాన్ వేరే. కండ్లు మూస్తె చాలు, గా ముసల్ది మా మగ్గం గుంతల కాళ్లు ఏలాడేసుకొని కూసుంటున్నది. అందుకే దీన్ని కూసోబెట్టి, "నేను చెప్త, నువ్వు రాయి. హైదరాబాదు సంగతి తర్వాత చూద్దాం" అన్న.

ఆమె పేరు నాకు తెల్వదు. గద్వాలల నేత నేసే మా సాలోల్ల వాడల ఎవ్వరికి తెల్వదు. ఆత్మకూరు దిక్కు నుంచి పుట్టి పడవల కృష్ణ దాటి వచ్చిందని కొందరు, కాదు నాగర్‌కర్నూల్ దిక్కుది అని కొందరు. ఏ కులమంటె నవ్వుతుండె. కోట గోడ పక్కన ఒక పాడువడ్డ ఇల్లుండె, దాని అరుగు మీద ఉంటుండె. పోరగాండ్లు "కాలుసూపియవ్వా" అని పిలిస్తె "ఏందిరా" అని పలుకుతుండె. పెద్దోల్లం ఉత్తగ అవ్వ అనేటోల్లం.

పొట్టి మనిషి. కొప్పుల ఎప్పుడు ఒక సూది గుచ్చి ఉంటది. చేతిల ఇత్తడి చెంబు, దాన్ల ఆమె నీళ్లు. ఎవరింటికి పోయినా వాళ్ల నీళ్లతోని కాలు కడగదు. దానికి మా అత్త మొకం మాడ్చుకుంటుండె, "మా నీళ్లల ఏమన్న ఇసం కలిసిందా" అని. బిళ్ళను ముట్టుకునే ముందు రెండు అరచేతులు గట్టిగ రాసి, చంకలల్ల పెట్టుకొని జరసేపు కూసుంటది. "సల్లటి చెయ్యి పెడితె బిళ్ళ బెదుర్తది" అంటది. మనకు నవ్వొస్తది గని ఆమె నవ్వదు. చిన్నపిల్లను లేపుతున్నట్టు మెల్లగ వేళ్లు ఆనిస్తది.

మంచం మీద కూసో అవ్వా అంటె కూసోదు. "మంచం రోగమొచ్చినోల్లకు, నాకెందుకు" అని చక్కగ పోయి మగ్గం గుంత అంచున కూసుంటది. మావి గుంత మగ్గాలు. ఇంట్ల నేల తవ్వి గుంత చేస్తరు, నేసేటాయన అంచున కూసొని కాళ్లు గుంతల పెట్టి, కింద ఉన్న తొక్కుడుపలకలు తొక్కుకుంట నేస్తడు. అవ్వ గూడ గట్లనే కాళ్లు ఏలాడేసి పలకలు ఒకటి ఇడిచి ఒకటి తొక్కుతుంటది. అవి కిర్రుమంటయి. "ఓయమ్మ, గీ మగ్గం గొంతెండి ఏడుస్తున్నదే, జర నూనె సుక్క పొయ్యరాదె పిల్లా" అని నన్ను తిడుతది. నేను రాట్నం మీద కండెలు చుట్టుకుంట నవ్వేదాన్ని.

ఎవరు ఏమిచ్చినా తీసుకోకపోవు. చీరె అంచు కాడ తెగిపడ్డ పట్టుదారం ముక్కలు మాత్రం ఏరుకొని కొంగున మూటగట్టుకుంటది. కాలు బాగుచేసినోల్లకు ఆ దారాల్ల ఒకటి తీసి కాలి బొటనవేలికి చుట్టి ముడేస్తది. మా దిక్కు చచ్చినోల్ల బొటనవేళ్లు రెండు కలిపి దారంతోని కడ్తరు. అందుకని మా అత్తకు అది చూస్తె ఒళ్లు మండేది. "బతికున్నోల్ల ఏళ్లకు దారమేందే ముసల్దానా, నీ నోట్ల మన్నువడ" అని మొకం మీదనే తిట్టింది ఒకపారి.

"గందుకే ఒక్క ఏలికే కడుతున్న గదనె. రెండు కలిపి కడితెనే పోవుడు. ఒక్క ఏలికి కడితె ఉండుడు" అన్నది అవ్వ.

మా అత్త నోరు మూయించుడంటె మాటలు గాదు.

ముందుగాల మా చిన్నమామ సంగతి చెప్పాలె. మా మామ తమ్ముడు. పక్కిల్లే, నడుమ ఒక్క గోడ. ఒకేడు ఆయనకు గజ్జల కోడిగుడ్డంత బిళ్ళ లేచింది. సలిజ్వరం. సర్కారు దవాఖాన డాక్టరు వచ్చి, గడప అవతల నిలవడి చూసి, "ఇది తావూన్" అన్నడు. తావూన్ అంటె పిలేగు. గా మాట చెవులవడితె ఇంక అయిపోయినట్టె. రోగమొచ్చినోన్ని బండిల ఏసుకపోయి ఊరిబయట చెలకల గుడిసెలల్ల పెడ్తరు. పోయినోల్లల్ల తిరిగొచ్చినోల్లు తక్కువ. వాడ వాడంత ఇండ్లు ఇడిచి పోవాలె. కాపోల్లకైతె ఏమాయె, ఎడ్లను తోలుకొని పొలం కాడ గుడిసెలేసుకుంటరు. గొల్లోల్లు మందను తోలుకపోతరు. మేమేం తోలుకపోవాలె? మా బతుకు నేలల తవ్విన గుంత. గుంతను నెత్తిన పెట్టుకొని పోతమా?

అప్పుడు ఎవరో అన్నరు, ఒక్కల మాట మీద గింతమంది ఎట్ల పోతం, ఇంకొకల్లకు చూపిద్దమని. అవ్వను తోలుకొచ్చిండ్రు. ఆమె బిళ్ళ దిక్కు చూడనే లేదు.

"కాలు సూపియ్" అన్నది.

"బిళ్ళ ఈడుంది గద అవ్వా" అన్నడు చిన్నమామ మూలుక్కుంట.

"బిళ్ళ యాడికి పారిపోదు తీ. కాలు సూపియ్."

చెంబు నీళ్లతోని కడిగి చూస్తె, వేళ్ల సందున తొక్కుడుపలక కట్టె పేడు ఒకటి ఇరిగి లోపట్నే ఉంది, చుట్టు చీము. నేతగాని కాళ్లు పొద్దుగూకులు గుంతల చీకట్లనే ఉంటయి. ఆయన కాలు ఆయనకే కనబడది. అవ్వ కొప్పులకెల్లి సూది తీసి, మంట మీద కాల్చి, పేడు గుంజి అందరికి చూపిచ్చింది. ఎనిమిది దినాలల్ల బిళ్ళ కరిగిపోయింది. చిన్నమామ మళ్ల మగ్గమెక్కిండు. డాక్టరు కొన్ని దినాలు మా వాడకెల్లి నడవాలంటె సిగ్గుపడ్డడు.

గప్పటిసంది మా వాడకు ఒక పిచ్చి నమ్మకం పట్టింది. నేతగానికి బిళ్ళ లేస్తె అది కాలిదే అని. "మనకు పిలేగెందుకొస్తది, మనకు పేడు గుచ్చుతది" అని నవ్వుకుంట చెప్పుకుంటుండిరి. అవ్వ మాత్రం కోపానికొస్తుండె. "అరేయ్, కాలు మంచిగుంటె బండెక్కుమని గూడ నేనే చెప్త. యాది పెట్టుకోండ్రి" అంటుండె. ఎవరు యాది పెట్టుకున్నరు? నేనే పెట్టుకోలే.

మళ్ల ఏడు వచ్చింది. జర్మన్ లడాయి నడుస్తున్న రోజులు. నూలు దొరకక మగ్గాలు నెలలకు నెలలు ఉత్తగ ఉండి, అప్పుడప్పుడే నూలు వచ్చింది. పెండ్లిండ్ల కాలం ముందుంది. వాడల ప్రతి మగ్గం మీద పడుగెక్కింది. నాకు పందొమ్మిదేండ్లు. పెద్దమందడి నుంచి కోడలుగ వచ్చి మూడేండ్లు, ఒళ్లె చంటిపిల్ల. మా మామకు చూపు ఆనకపోవు. ఇంట్ల నేసేది మా ఆయన ఒక్కడే.

ఆయనకు జ్వరమొచ్చింది. మూడో దినం గజ్జల బిళ్ళ. ముట్టుకుంటె చాలు కేకేస్తుండె. గదే డాక్టరు వచ్చిండు. ఈసారి గడప దాటి లోపటికొచ్చి, దగ్గర కూసొని చూసిండు. బయటికొచ్చి మెల్లగ చెప్పిండు, "తావూన్. రేపు పొద్దుగాల బండి వస్తది. వాడ ఖాళీ చేయుండ్రి."

"పోయినేడు గూడ గిట్లనే అన్నవు గద సాబ్" అన్నడు చిన్నమామ. అందరు అందుకున్నరు. అవ్వను చూడనీ, అవ్వ చెప్పనీ. డాక్టరు మొకం చిన్నగ చేసుకున్నడు. మా అత్త అవ్వ కోసం ఉరికింది.

నేను తలుపు దగ్గరికేసి లోపటికి పోయిన. ఆయన కాళ్ల కాడ కూసున్న. తడిగుడ్డ పెట్టి తుడిచిన. ఒక్కో వేలు ఇడదీసి చూసిన. అయ్యో దేవుడా, పుండు లేదు, చీము లేదు, చిన్న గీత లేదు. గంత సక్కటి కాళ్లు నేను ఆయన బాగున్న దినాలల్ల గూడ చూడలే. రేపు బండి వస్తది. చంటిపిల్లను ఎత్తుకొని నేను చూస్తనే ఉంటె ఈయనను పండబెట్టి తోలుకపోతరు. గుడిసెలల్ల నీళ్లిచ్చే దిక్కుండదు.

గుంతలకు దిగిన. తొక్కుడుపలక అంచున పేడు ఇరిచిన. ఆయన చిటికెన వేలి సందున గుచ్చి, లోపటికి నూకి, ఇరిచిన. నెత్తురు వచ్చింది. ఆయన జ్వరంల కండ్లు తెరిచి, "ఏం చేస్తున్నవే" అన్నడు.

"ముల్లు తీస్తున్న" అన్న.

అవ్వ వచ్చింది. వాడంత వాకిట్ల నిలవడ్డది. అవ్వ అందర్ని బయటనే ఆపి, నన్నొక్కదాన్నే లోపట ఉండుమన్నది. కాలు కడిగింది. నీళ్లు ఎర్రగయినయి. వేళ్ల సందున చూసింది. చేతులు రాసుకోలే, చంకల పెట్టుకోలే. నా కుడిచెయ్యి పట్టుకొని తిప్పి చూసింది. గోటి కింద నెత్తురుంది.

"పుండు పుట్టి పూట గాలె. బిళ్ళకు దినాలయింది" అన్నది మెల్లగ. "నీకు ఇంకొకల్ల మాట కావాల్నా, నీ మాటనే నా నోట్ల పెట్టాల్నా?"

నేను ఆమె కాళ్ల మీద పడ్డ. ఏం మాట్లాడిన్నో యాది లేదు. పిల్లను చూపెట్టినట్టు యాది. అవ్వ నన్ను లేపలే, తిట్టలే. గుంత అంచున కూసున్నది. పలకలు తొక్కలే. కొంగు మూట మీద చెయ్యి పెట్టుకొని చెప్పింది.

"నాకొక కొడుకుండె. నాగర్‌కర్నూల్ కాడ. పిలేగొచ్చిన ఏడు బిళ్ళ లేచిందని గుడిసెలకు తోలిండ్రు. డాక్టరు చెప్పిండు గద అని నేను గూడ బండెక్కిచ్చిన. ఐదో దినం పోయిండు. పీనుగను కడుగుతుంటె మడిమల తుమ్మముల్లు దొరికింది. మొత్తం చీము. ఎవ్వరు సూడలె. కన్నదాన్ని, నేను సూడలె."

ఆమె తన గురించి చెప్పుడు అదే మొదలు, అదే ఆకరు.

మళ్ల లేచి, నా మొకం రెండు చేతులతోని పట్టుకొని దగ్గరికి తెచ్చుకున్నది. "నేను బయటికి పోయి ఒక్క మాట చెప్త. దినాం వచ్చి నీ మొగన్ని నేనే సూస్త. గని ఇను. ఎలుక పడ్డదా, చచ్చిన ఎలుక ఒక్కటి నీ ఇంట్ల కనబడ్డదా, గప్పుడే, గా నిమిషమే, వాడకు మొత్తుకోవాలె. నీ మొగడు యాడున్నా, ఎట్లున్నా. ఒట్టెయ్."

పిల్ల నెత్తి మీద చెయ్యిపెట్టి ఒట్టేసిన.

అవ్వ ఆయన బొటనవేలికి ఎర్ర పట్టుదారం కట్టి బయటికి పోయింది. "కాలికి పుండుంది" అన్నది. అంతే. ఇంకో మాట చెప్పలే. వాడంత కేకేసినట్టు సంబురపడ్డది. నేను చెప్పలేదా అని చిన్నమామ తొడ చరుసుకున్నడు. డాక్టరు ఆమె దిక్కు చూసిండు. ఆమె ఆయన దిక్కు చూడకుండనే పోయింది. "వారం దినాలు చూస్త" అని ఆయన గూడ పోయిండు. మళ్ల మగ్గాల చప్పుడు మొదలయింది.

ఇంతవరకు చేసింది మొగుని కోసం చేసిన. దేవుడు అడిగితె నిలవడి చెప్త. తర్వాత చేసిందానికే నాకు నోరు రాదు.

అవ్వ గా మాట చెప్పిన నాలుగో దినం పొద్దుగాల మగ్గం దగ్గర ఊడుస్తుంటె గుంతల ఎలుక కనబడ్డది. పలకల పక్కన, కడుపుబ్బి, నోరు తెరిచి. ఆయనకు గా దినమే గండం. బిళ్ళ పండి పగలడానికొచ్చింది, ఒళ్లు తెలుస్తలేదు, ఉన్నోల్లను లేనోల్లను పిలుస్తున్నడు. ఇప్పుడు మొత్తుకుంటె బండి వస్తది. బండి కుదుపులకే పోతడు. ఒక్క దినం, ఒక్క దినం ఆగుదం అనుకున్న. గుంత మూలకు గజం లోతు గాదు, జానెడు తవ్వి, ఎలుకను దాన్ల పెట్టి, మన్ను కప్పి, పైన అలికిన. మా అత్తకు గూడ చెప్పలే. పక్కింట్ల చిన్నమామ మగ్గం టకటక వినబడుతనే ఉంది.

అవ్వ వచ్చింది. ఆయన నుదురు చూసింది, బిళ్ళ చూసింది. పోయి గుంత అంచున కూసున్నది.

"అవ్వా, మంచం మీద కూసోరాదు" అన్న.

"మంచం రోగమొచ్చినోల్లకు బిడ్డా" అన్నది. కాళ్లు గుంతల పెట్టింది. పలకలు తొక్కబట్టింది. ఆమె మడిమకు, నేను అలికిన మన్నుకు నడుమ మూడు జానల దూరం లేదు. "ఎలుకలేమన్న పడ్డయా?" అని అడిగింది.

"లేదవ్వా" అన్న.

ఆమె నా దిక్కు చూసింది. నేను రాట్నం తిప్పిన. మళ్ల దినం గూడ వచ్చింది. మళ్ల గాడనే కూసున్నది. మళ్ల అడిగింది. మళ్ల లేదన్న. ఎలుక మీది పురుగు మనిషిని కుడితె వస్తదని నాకప్పుడు తెల్వదు, వాడల ఎవ్వరికి తెల్వదు. గని ఆడ కూసోవద్దని నా పానం చెప్తనే ఉండె. చెయ్యి పట్టుకొని గుంజొచ్చు. గుంజలే. ఇప్పటికి గూడ, యాడన్న మగ్గం చప్పుడు వినబడితె నాకు గా పలకలే కిర్రుమంటయి.

గా దినం మాపటికి బిళ్ళ పగిలింది. చీమంత పోయింది. తెల్లారెవరకు జ్వరం దిగి, ఆయన గంజి అడిగిండు. నేను ఏడ్చుకుంట తాగిచ్చిన.

గంజి తాగిన గా దినం అవ్వ రాలే. పొద్దు నడినెత్తికొచ్చినా రాలే. నేనే కోట గోడ కాడికి పోయిన. అరుగు మీద గోడకు ఆనుకొని కూసుంది. దగ్గరికి పోకముందే ఒంటి కాక తెలుస్తున్నది. కండ్లు ఎర్రగున్నయి.

"వచ్చినవా బిడ్డా. నాకు మసక కమ్ముతున్నది. జర నా కాలు సూడు. ఏమన్న గుచ్చిందా?"

చెంబుల నీళ్లు మిగిలి ఉండె. ఆమె కాళ్లు నా ఒళ్లె పెట్టుకొని కడిగిన. జిందగీల ఎంతమంది కాళ్లు చూసిందో, ఆమె కాలు ఎవ్వరన్న చూసిండ్రో లేదో. మడిమలు పగిలినయి. అరికాలు గట్టిగ, నల్లగ. వేళ్ల సందులు చూసిన, ఒకపారి, రెండుపార్లు. ముల్లు లేదు. పుండు లేదు. చిన్న గీత లేదు.

"ఉందవ్వా. ముల్లుంది" అన్న.

"ఉందా?"

"ఉంది. మడిమల."

"ఐతె తియ్యి."

ఆమె కొప్పులకెల్లి సూది తీసిన. పగిలిన మడిమల ఉత్తగనే సూది ఆనిచ్చి, జరసేపు కెలికినట్టు చేసిన.

"వచ్చిందా?"

"వచ్చిందవ్వా."

"ఏదీ, సూపియ్" అని అరచెయ్యి చాపింది.

నేను ఏం పెట్టాలె గా చేతుల? రెండు వేళ్లు దగ్గరికి పెట్టి, ఏదో పట్టుకున్నట్టు తెచ్చి, ఆమె అరచేతుల ఇడిచిన. ఆమె గా ఉత్త చేతిని కండ్ల దగ్గరికి తెచ్చుకొని చూసింది. పిడికిలి మూసింది.

"పెద్దదే" అన్నది. "మంచిగ తీసినవ్ బిడ్డా. నొప్పి లేదు."

అవ్వ పిడికిలి ఇప్పకుండనే అడిగింది.

"ఎలుక ఎన్నడు పడ్డది?"

"మొన్న" అన్న.

కోట గోడ మీద కాకులు అరుస్తున్నయి. ఆమె ఏమన్న అంటదని చూసిన. కొడతదేమో, తిడతదేమో అని. కొట్టినా బాగుండు.

"నీ మొగడు?"

"బిళ్ళ పగిలిందవ్వా. గంజి తాగిండు."

"ఊఁ. ఐతె సరే" అన్నది. కుడిచేత్తోనే కొంగు మూట ఇప్పి, దారాల్ల ఒకటి తీసి నా చేతికిచ్చింది. "కాలు బాగుచేసినవు గద. కట్టు."

ఆమె కుడికాలి బొటనవేలికి కట్టిన. పచ్చదారం. ముడి సక్కగ పడలే, రెండుపార్లు కట్టిన.

"ఇప్పుడు ఇను. వాడకు పో. ఎలుక పడ్డదని మొత్తుకో. మొన్న అని చెప్పకు. ఇయ్యాల అని చెప్పు. మొన్న అంటె నిన్ను బతకనియ్యరు. పిల్ల ఉంది నీకు."

గోడ పట్టుకొని లేచింది. చెంబు తీసుకున్నది. బండి కోసం ఆగలే, ఎవరికి చెప్పలే. చెలకల గుడిసెల దిక్కు నడిచింది. ఎడమ పిడికిలి అట్లనే మూసి ఉంది. నేను ఎంబడి పోలే. వాడకు ఉరికి, గొంతు చినిగేటట్టు మొత్తుకున్న. ఎలుక పడ్డది, ఎలుక పడ్డది అని.

"ఎన్నడు?" అని అడిగిండు చిన్నమామ, మగ్గం మీదికెల్లి లేసుకుంట.

"ఇయ్యాల" అన్న.

మాపటివరకు వాడ ఖాళీ అయింది. నేసిన కాడికి నేసినట్టే పడుగులు ఇడిచిపెట్టి, తట్టా బుట్టా ఎత్తుకొని పొలాలల్ల పడ్డం. మా ఆయనను నులకమంచం మీద మోసుకపోయినం. నాలుగో దినం చిన్నమామకు బిళ్ళ లేచింది. ఆయన కాలు చాపుకొని పండి, వచ్చినోల్లందర్ని "జర నా కాలు చూడుండ్రి, పేడు గుచ్చినట్టుంది, చూడుండ్రి" అని బతిమాలిండు. అందరం చూసినం. కాలు మంచిగనే ఉంది. రెండు దినాలల్ల పోయిండు.

అవ్వ అంతకు ముందే పోయిందని గుడిసెలకు గంజి మోసేటాయన చెప్పిండు. "మూలకు పండుకున్నది, లేవలే" అన్నడు. "కాలి ఏళ్లు కట్టిండ్రా?" అని అడిగిన. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు. గుడిసెలల్ల చచ్చినోల్లను ముట్టేది ఎవరు, కట్టేది ఎవరు. ఒక ఏలికి నేను కట్టిన. రెండోది ఎవ్వరు కట్టలే. అందుకే పోలేక నా ఎంబడి తిరుగుతున్నదేమో అనిపిస్తది నాకు. తిరగనీ. నేను కాదంటనా?

మా ఆయన మస్తు ఏండ్లు బతికిండు. చిటికెన వేలి సందున మచ్చ అట్లనే ఉండె. మనవలకు అది చూపిచ్చి, "పేడు గుచ్చింది రా, అవ్వ తీసి బతికిచ్చింది" అని చెప్పుకుంటుండె. నేను పొయ్యి కాడ కూసొని వింటుండేదాన్ని. ఒక్కపారి గూడ నోరు ఇప్పలే. ఈ కథ మా ఇంట్ల పది తీర్ల చెప్పుకున్నం. ఎలుక ఎప్పుడు పడ్డదంటె మాత్రం ఒక్కటే మాట.

ఇయ్యాల పొద్దుగాల మనవరాలు మళ్ల మొదలువెట్టింది, హైదరాబాద్ పోదాం అమ్మమ్మా అని. "ముందుగాల నువ్వు నా కాలు చూడు" అన్న. "డాక్టరమ్మ చూసింది గద" అన్నది. "నువ్వు చూడు" అన్న. ఇసుక్కుంటనే కింద కూసొని, నా కాళ్లు దాని ఒళ్లె పెట్టుకొని, వేళ్లు ఒక్కోటి ఇడదీసి చూసింది.

"ఏం లేదు అమ్మమ్మా. ఉత్త పగుళ్లు" అన్నది.

"ముల్లు లేదా?"

"లేదు."

ఉన్నది ఉన్నట్టు చెప్పింది నా తల్లి. "ఐతె పోదాం తీ. ముందుగాల రాసుడు కానియ్" అన్న.

అది కలం పట్టుకొని రాసిన కాయితాలు ఎనక్కు తిప్పింది. ఒక కాడ ఆగింది. "అమ్మమ్మా, చిన్నప్పటిసంది ఎలుక వాడ ఖాళీ అయిన దినమే పడ్డదని చెప్తివి గద. అవ్వకేమో మొన్న అన్నవు, చిన్నమామకేమో ఇయ్యాల అన్నవు. ఏది ఉంచాలె?"

దాని దిక్కు చూడలేకపోయిన. నా కాలి బొటనవేలు దిక్కు చూసుకున్న.

"మొన్న" అన్న. "మొన్న అని రాయి."